మందు చేరవలసిన చోటు

సిరిపురంలోనో వెల్లంకిలోనో చిటికీ కట్టే ఇంట్లో కాసేపు కూర్చుంటే ఒక సంగతి కళ్ళకు కడుతుంది. నూలు మొత్తం రంగు తొట్టిలో మునుగుతుంది, రంగు మాత్రం అంతటా అంటదు. డిజైనులో ఎక్కడ తెలుపు మిగలాలో అక్కడ ముందే రబ్బరు పట్టీ చుట్టి గట్టిగా బిగించి ఉంచుతారు. కట్టిన చోటికి రంగు చేరదు, విడిచిన చోట పట్టుకుంటుంది. రామన్నపేట మండలంలో మగ్గం మీద బతికే కుటుంబాలకు ఇది రోజువారీ పని. వైద్యశాస్త్రానికి ఇది ఇంకా పూర్తిగా చేతకాని పని.

నరంలోకి ఎక్కించిన మందు ఏమవుతుందో చూడండి. గుండె నిమిషానికి దాదాపు ఐదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. పెద్ద మనిషి ఒంట్లో ఉండే రక్తం కూడా ఇంచుమించు అంతే. అంటే ఒక్క నిమిషం తిరిగేసరికి ఆ మందు ఊపిరితిత్తులను, కాలేయాన్ని, మూత్రపిండాలను, ఎముకల్లోని మూలుగను, జుట్టు కుదుళ్ళను తాకి వస్తుంది. క్యాన్సర్ గడ్డ ఉన్నది ఒక్క రొమ్ములోనే అయినా మందులో మునిగేది ఒళ్ళంతా. నేతపనివాళ్ళు పోగులు కట్టినట్టు ఒంట్లోని మంచి భాగాలన్నిటినీ కట్టిపెట్టడం కుదరదు. అందుకని మందునే దేనిలోనైనా కట్టి, చేరవలసిన చోట మాత్రమే విప్పుకునేలా చేయాలి. అలా కట్టడానికి పనికొచ్చే పొట్లాలను మన కణాలే అనుక్షణం తయారు చేస్తున్నాయి. వాటి పేరు ఎక్సోజోములు.

మందు సంగతి ముందు చెప్పుకుని పొట్లం దగ్గరికి వద్దాం. క్యాన్సర్ మీద పనిచేసే తొలి మందుల చరిత్రలో ఒక తెలుగు పేరు గట్టిగా నిలిచి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, 1940ల మధ్యలో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏను నకలు తీసుకోవాలి, దానికి ఈ విటమిన్ కావాలి. దీన్ని పోలి ఉండి, దీని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా సుబ్బారావు బృందమే తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడుకలో ఉంది.

ఈ మందుల బలం, బలహీనత ఒకే చోట ఉన్నాయి. వేగంగా చీలే ప్రతి కణాన్నీ అవి దెబ్బతీస్తాయి. గడ్డలోని కణం వేగంగా చీలుతుంది. పేగు లోపలి పొర కూడా అంతే, మూలుగ కూడా అంతే, వెంట్రుక కుదురూ అంతే. రామన్నపేట నుంచి పట్నానికి పోయి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో ఎక్కించుకుని వచ్చిన మనుషులు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉంటారు. వాళ్ళ నోట్లో పుండ్లు, ఆగని వాంతులు, పడిపోయిన తెల్ల కణాలు చాలామట్టుకు మందు తగలకూడని చోట తగిలినందువల్ల వచ్చినవి. వాళ్ళు పడే బాధలో ఎంతో భాగం తప్పించదగినదని నేను నమ్ముతాను. చేరవలసిన చోటికే చేరిస్తే ఇప్పుడున్న మందులు కూడా ఇంతకంటే మేలు చేయగలవు.

మందును కొవ్వు బుడగలో పెట్టి పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1960లలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ నీళ్ళలో కొవ్వు అణువులు తమంతట తామే గుండ్రటి సంచుల్లా అల్లుకోవడం గమనించారు. ఆ సంచులే లైపోజోములు. డాక్సోరూబిసిన్‌ను లైపోజోములో నింపిన మందుకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది, గుండె మీద ఆ మందు దుష్ప్రభావం తగ్గింది. 2018లో అనుమతి పొందిన పటిసిరాన్, కోవిడ్ కాలంలో కోట్ల మందికి వేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, ఇవన్నీ కొవ్వు రేణువుల్లోనే ప్రయాణించాయి. అయితే నరంలోకి ఎక్కిస్తే ఈ రేణువుల్లో ఎక్కువ భాగం కాలేయానికే పోతుంది. పటిసిరాన్ పనిచేయవలసింది కాలేయంలోనే కాబట్టి దానికి అది కలిసివచ్చింది. క్లోమానికో మెదడుకో పంపాలంటే ఆ దారి చాలదు. పైగా మనిషి చేసిన బుడగను ఒంట్లోని కాపలా కణాలు పరాయిదిగా గుర్తించి మింగేస్తాయి.

మరి ఒంట్లో పుట్టిన బుడగను పంపితే?

ఎక్సోజోముల కథ గొర్రె రక్తంతో మొదలైంది. 1980ల తొలినాళ్ళలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్త, ఎర్రకణం ఎదిగే తీరును గొర్రె కణాల్లో పరిశీలించారు. లేత ఎర్రకణం ఇనుమును పట్టుకోవడానికి తన పొర మీద ప్రత్యేకమైన ప్రొటీన్లను ఉంచుకుంటుంది. ముదిరాక వాటితో పనిలేదు. అవి ఎటు పోతున్నాయి? కణం తన పొరలో కొంత భాగాన్ని లోపలికి లాక్కుంటోంది, ఒక సంచి లోపల చిన్న చిన్న సంచులుగా చేస్తోంది, ఆ పెద్ద సంచిని మళ్ళీ పొరతో కలిపి చిన్న సంచులను బయటికి వదిలేస్తోంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం ఎలుక కణాల్లో ఇదే చూసింది. రెండు బృందాల ఫలితాలూ 1983లో వెలువడ్డాయి. ఎక్సోజోము అన్న పేరును 1987లో జాన్‌స్టన్ ఖాయం చేశారు. కణం తన చెత్తను బయట పారేసుకునే పద్ధతి ఇదని ఆ తర్వాత చాలాకాలం అనుకున్నారు, దాని మీద పెద్దగా ఆసక్తి చూపినవాళ్ళు లేరు.

1996లో గ్రాసా రపోజో బృందం, రోగనిరోధక కణాలు వదిలే ఎక్సోజోములు ఇతర కణాలను మేల్కొలపగలవని చూపింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యాన్ లోట్వాల్ బృందం ఇంకా పెద్ద సంగతి బయటపెట్టింది: వీటి కడుపులో ఆర్‌ఎన్‌ఏ ఉంది, అది ఒక కణం నుంచి మరో కణానికి చేరి అక్కడ ప్రొటీన్ కూడా తయారు చేయించగలదు. అంతదాకా చెత్త అనుకున్నది కణాల మధ్య నడిచే సమాచారమని తేలింది. ఆ మరుక్షణం నుంచి వైద్యులు వేసుకున్న ప్రశ్న సహజమైనది. కణం తన సరుకు పంపుకుంటున్న ఈ దారిలో మన సరుకు కూడా పంపవచ్చా?

వీటి కొలత చెబితే పని ఎంత సున్నితమో తెలుస్తుంది. ఎక్సోజోము అడ్డుకొలత 40 నుంచి 160 నానోమీటర్ల మధ్య ఉంటుంది. వంద నానోమీటర్లవి ఎనిమిది వందలు పక్కపక్కన పేర్చితే ఒక వెంట్రుక మందం వస్తుంది. బడిలో వాడే మామూలు సూక్ష్మదర్శినికి ఇవి కనిపించవు. మన రక్తంలో, లాలాజలంలో, మూత్రంలో, తల్లిపాలలో ఇవి లెక్కలేనన్ని తిరుగుతుంటాయి. వీటి పొర కణపు పొర లాంటిదే, దాని మీద పుట్టింటి ప్రొటీన్లు అలాగే నిలిచి ఉంటాయి. ఆ ప్రొటీన్లను మనకు కావలసినట్టు మార్చడమే ఎక్సోజోము ఇంజనీరింగ్.

2011లో ఆక్స్‌ఫర్డ్‌లో మాథ్యూ వుడ్ బృందం చేసిన ప్రయోగం ఈ రంగానికి దారి వేసింది. ఎలుక రోగనిరోధక కణాలను తీసుకుని, వాటి ఎక్సోజోముల పొర మీద ఉండే ల్యాంప్2బి అనే ప్రొటీన్‌కు ఒక చిన్న తోకను జోడించారు. ఆ తోకను ఎక్కడి నుంచి తెచ్చారో చూడండి: పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్ నుంచి. నాడీకణాలను వెతికి పట్టుకోవడంలో ఆ వైరస్‌కు సాటి లేదు. దాని ప్రాణాంతకమైన భాగాలన్నీ వదిలేసి, నాడీకణానికి అతుక్కునే ముక్కను మాత్రం అరువు తెచ్చుకున్నారు. తర్వాత ఆ ఎక్సోజోముల్లో ఒక ప్రొటీన్ తయారీని అడ్డుకునే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు నింపి ఎలుక నరంలోకి ఎక్కించారు. మెదడు చుట్టూ ఉండే రక్షణ గోడ దాటి అవి లోపలికి చేరాయి. అల్జీమర్స్ జబ్బుతో సంబంధమున్న బేస్1 అనే ప్రొటీన్ మెదడులో అరవై శాతం దాకా తగ్గింది. ఎన్నో మందులను గుమ్మంలోనే ఆపేసే ఆ గోడను రక్తంలో వచ్చిన ఒక బుడగ దాటిందంటే, అది ఎలుకలోనే అయినా, పరిశోధకులు ఎందుకంత ఉత్సాహపడ్డారో ఊహించవచ్చు.

ఇక్కడ మళ్ళీ ఒక తెలుగు ఇంటిపేరు ఎదురవుతుంది. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రఘు కల్లూరి బృందం ఎక్సోజోములను క్లోమ క్యాన్సర్ మీదికి పంపింది. క్లోమం అంటే పాంక్రియాస్, కడుపు వెనక దాగి ఉండే గ్రంథి. అక్కడ పుట్టిన క్యాన్సర్ బయటపడేసరికే చాలామందిలో ఆలస్యమైపోతుంది. ఆ గడ్డల్లో అత్యధికం కేరాస్ అనే జన్యువు చెడిపోవడంతో మొదలవుతాయి. ఆ జన్యువు చెప్పే ప్రొటీన్‌లో పన్నెండో స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. అక్కడ అస్పార్టేట్ చేరితే, కణానికి ‘చీలు’ అన్న ఆజ్ఞ ఇక ఆగదు. ఈ మార్పును జీ12డీ అంటారు. ఆ ప్రొటీన్ నున్నగా ఉండి మందు అణువు పట్టుకునే సందు దొరకక, దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలను నిరాశపరిచింది.

కల్లూరి బృందం ప్రొటీన్‌ను వదిలి, దాన్ని తయారు చేయించే ఆర్‌ఎన్‌ఏ మీద గురిపెట్టింది. మంచి కేరాస్ జోలికి పోకుండా జీ12డీ ఆర్‌ఎన్‌ఏను మాత్రమే నాశనం చేయించే ముక్కలను, మామూలు ఫైబ్రోబ్లాస్టు కణాల ఎక్సోజోముల్లో నింపి ఎలుకలకు ఇచ్చారు. 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం గడ్డల పెరుగుదల తగ్గింది, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. అదే సరుకును లైపోజోముల్లో పంపినప్పుడు అంత ఫలితం రాలేదు. ఎందుకని వెతికితే, ఎక్సోజోము పొర మీద ఉండే సీడీ47 అనే ప్రొటీన్ కనిపించింది. ‘నేను ఇంటిదాన్నే, మింగొద్దు’ అని అది కాపలా కణాలకు చెబుతుంది. దాంతో ఎక్సోజోములు రక్తంలో మరికాస్త సేపు నిలుస్తాయి, గడ్డను చేరే అవకాశం పెరుగుతుంది. 2018లో ఇదే కేంద్రం మూలకణాల నుంచి మనుషులకు ఇవ్వదగిన నాణ్యతతో ఎక్సోజోములను తయారు చేసే పద్ధతిని ప్రకటించింది. క్లోమ క్యాన్సర్ వ్యాపించిన రోగుల మీద తొలి దశ ప్రయోగం కూడా అక్కడే మొదలైంది. తొలి దశలో ముఖ్యంగా చూసేది భద్రత, మోతాదు. జబ్బు నయమవుతుందా అన్న ప్రశ్నకు జవాబు రావాలంటే తర్వాతి దశలు దాటాలి.

రామన్నపేట ప్రాంతంలో పాడి పెట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి కాబట్టి, ఇంకో ప్రయోగం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది. అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో రమేశ్ గుప్తా బృందం ఎక్సోజోముల కోసం ఆవుపాల వైపు చూసింది. ప్రయోగశాలలో కణాలను పెంచి వాటి నుంచి ఎక్సోజోములు తీయడం ఖరీదైన పని, దొరికేది కొంచెం. పాలలో అవి సహజంగానే పుష్కలంగా ఉంటాయి. పైగా దూడ కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగు దాకా చేరేలా ప్రకృతే వాటిని తీర్చింది. రాధా మునగాల మొదటి రచయితగా 2016లో ఈ బృందం ప్రచురించిన వ్యాసంలో పాల ఎక్సోజోముల్లో రకరకాల మందులు నింపిన వివరాలున్నాయి. వాటిలో పసుపు నుంచి వచ్చే కర్క్యుమిన్ ఉంది, అశ్వగంధలోని వితఫెరిన్ ఉంది, కీమోలో వాడే పాక్లిటాక్సెల్ కూడా ఉంది. పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. నరంలోకి ఎక్కించాలంటే కలిపే ద్రావకంతోనే కొందరికి తీవ్రమైన అలెర్జీ వస్తుంది. అదే మందును పాల ఎక్సోజోముల్లో పెట్టి ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే గడ్డల పెరుగుదల తగ్గిందని ఆ తర్వాత ఈ బృందం చూపింది.

2021లో ఈ బృందమే జున్నుపాల మీదికి వెళ్ళింది. రఘురామ్ కందిమళ్ళ మొదటి రచయితగా వచ్చిన ఆ పరిశోధనలో, జున్నుపాల పొడి నుంచి తీసిన ఎక్సోజోముల్లో పాక్లిటాక్సెల్ నింపి, పొర మీద ఫోలిక్ యాసిడ్‌ను అతికించారు. ఎందుకంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు చాలావాటికి చీలే తొందరలో ఫోలిక్ యాసిడ్ ఆకలి ఎక్కువ. దాన్ని పట్టుకునే గ్రాహకాలను పొర మీద విస్తారంగా పెంచుకుంటాయి. ఆ ఆకలినే ఆసరా చేసుకుని మందును వాటి దగ్గరికి చేర్చారు. సుబ్బారావు ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుని క్యాన్సర్ కణాన్ని ఆకలితో మాడ్చాలని చూశారు. డెబ్బై ఏళ్ళ తర్వాత అదే ఫోలిక్ యాసిడ్ మందుకు దారి చూపే గుర్తుగా మారింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించే సంగతి ఇది.

ఇది చదివి ఎవరూ జున్నుపాలు తాగితే క్యాన్సర్ తగ్గుతుందని అనుకోకూడదు. గట్టిగా చెబుతున్నాను, తగ్గదు. పాలలోని ఎక్సోజోముల్లో మందేమీ ఉండదు. ముందు వెన్న తీయాలి, కేసీన్ తీయాలి, తర్వాత భూమ్యాకర్షణకు లక్ష రెట్లకు పైగా బలంతో గిరగిర తిప్పే యంత్రంలో వాటిని అడుగుకు దించాలి. ఆ తర్వాత మందు నింపాలి, కొలవాలి, శుద్ధి చేయాలి. ఈ పనులన్నీ చేసినా ఫలితం ఇంకా ఎలుకల దగ్గరే ఉంది.

అసలు చిక్కులు ఇక్కడి నుంచే మొదలవుతాయి. నింపడమే ఒక చిక్కు. విద్యుత్ ఘాతంతో ఎక్సోజోము పొరకు క్షణకాలం రంధ్రాలు చేసి ఆర్‌ఎన్‌ఏను లోపలికి పంపడం వాడుకలో ఉన్న పద్ధతి. అయితే ఆ ఘాతానికి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు బయటే గడ్డకట్టి, లోపలికి చేరినట్టు లెక్కల్లో కనిపించవచ్చని 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు హెచ్చరించారు. చేరాల్సిన కణాన్ని చేరాక ఇంకో గండం ఉంది. ఆ కణం ఎక్సోజోమును మింగి ఒక సంచిలో పెడుతుంది, అందులోంచి సరుకు బయటపడకపోతే అక్కడే అరిగిపోతుంది. గురి పెట్టినా ఎక్కించినవాటిలో పెద్ద భాగం ఇప్పటికీ కాలేయంలో, ప్లీహంలో చిక్కుకుంటుంది. వీటన్నిటికీ మించి, ఒక బ్యాచ్ ఎక్సోజోములు మరో బ్యాచ్‌లా ఉండవు. కణాలకు పెట్టిన మేత మారినా, వాటి వయసు మారినా, వాటి నుంచి వచ్చే ఎక్సోజోముల సరుకు మారుతుంది. మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పినంత తేలిగ్గా ఇక్కడ మోతాదు చెప్పలేరు.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. కల్లూరి సహ వ్యవస్థాపకుడిగా 2015లో కోడియాక్ బయోసైన్సెస్ అనే సంస్థ వచ్చింది. ఎక్సోజోముల మీద సహజంగా ఉండే ఒక ప్రొటీన్‌కు మందులను అతికించే పద్ధతిని అది అభివృద్ధి చేసింది, మనుషుల మీద ప్రయోగాల దాకా వెళ్ళింది. 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. సంస్థ మూతపడ్డంత మాత్రాన ఆ విజ్ఞానం తప్పైపోదు. పెట్టుబడి ఓపిక కంటే ప్రకృతి రహస్యాలు విడిపోవడానికి పట్టే కాలం ఎక్కువ, అంతే. ఈలోగా పోటీ మందులూ వస్తున్నాయి. కేరాస్‌కు మందు అణువు దొరకదన్న మాట 2021లో వీగిపోయింది. ఆ ఏడాది జీ12సీ మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సొటోరాసిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఎక్సోజోములు వాటితో సరితూగాలి, లేదా వాటిని మోసుకెళ్ళే పనిలో తమ చోటు వెతుక్కోవాలి. రెండోదే ఎక్కువ సాధ్యమని నా అంచనా. ముఖ్యంగా మెదడులో.

మన దగ్గర ఈ పని జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎక్సోజోము మందుకు కావలసిన నైపుణ్యంలో పెద్ద వంతు కణాలను ట్యాంకుల్లో పెంచడం, వాటి ఉత్పత్తిని మలినాలు లేకుండా శుద్ధి చేయడం, చల్లగా నిలువ చేయడం. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో టీకాల సంస్థలు ఈ పనుల్లో ఆరితేరాయి. రోగుల మీద పరీక్షించడానికి పెద్ద ఆసుపత్రీ దూరం కాదు: బీబీనగర్ ఎయిమ్స్‌కు రామన్నపేట నుంచి రైలు దారి కూడా ఉంది. పరాయి దేశంలో తయారై, పరాయి ధరతో వస్తే ఇలాంటి మందు బీడీలు చుట్టే, మగ్గం నేసే ఇళ్ళకు ఎప్పటికీ చేరదు. గడ్డను చేరడం ఎంత ముఖ్యమో ఆ గడ్డ ఉన్న మనిషిని చేరడమూ అంతే ముఖ్యం.

అంతకంటే ముందు అత్యవసరంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఎక్సోజోముల పేరుతో అమ్మకాలు అప్పుడే మొదలయ్యాయి. జుట్టు మొలుస్తుందని, ముఖం మెరుస్తుందని, మోకాళ్ళ నొప్పి పోతుందని నగరాల్లో ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఏ జబ్బుకైనా సరే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకు ఒక్క ఎక్సోజోము మందుకూ అనుమతి ఇవ్వలేదు. 2019 డిసెంబరులో అదే సంస్థ ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. నెబ్రాస్కా రాష్ట్రంలో అనుమతి లేని ఎక్సోజోము ఉత్పత్తులతో చికిత్స చేయించుకున్నవాళ్ళు తీవ్రంగా జబ్బుపడటమే దానికి కారణం. సరిగా శుద్ధి చేయని ద్రవంలో ఎక్సోజోములతో పాటు బ్యాక్టీరియా, వైరస్‌లు, ఇంకేవేవో ఉండవచ్చు. రక్తంలోకి నేరుగా వెళ్ళేదానికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

కాబట్టి ఎవరైనా మీ ఇంట్లోని రోగికి ఎక్సోజోము చికిత్స ఇస్తామంటే, అది అనుమతి పొందిన ప్రయోగమా అని అడగండి. మన దేశంలో ఔషధ ప్రయోగం ఏదైనా మొదలుకాక ముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. ప్రతి ప్రయోగానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు రాయించుకుని, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఫోనులో వెతికించండి. ఏ ఆసుపత్రిలో, ఏ జబ్బుకు, ఎంతమంది మీద, ఏ దశలో జరుగుతోందో అందులో ఉచితంగా కనిపిస్తుంది. సమ్మతి పత్రాన్ని తెలుగులో అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చుకుని, పదిమందికి చూపించి సంతకం పెట్టండి. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం పొందే హక్కు 2019 నిబంధనల కింద ఉంది. పరీక్షలో ఉన్న మందుకు మిమ్మల్నే లక్షల్లో బిల్లు కట్టమంటే, సంతకం పెట్టకుండా లేచి రండి.